నేను తీసేసిన బటన్

నేను ఉద్యోగం మానేసి పద్నాలుగు నెలలైంది. ఇప్పటికీ ఫోన్ మోగితే వెంటనే ఎత్తలేను. అవతల మా చెల్లెలు ఈ పూట కూరేం వండావని అడగడానికి చేసి ఉండొచ్చు. కానీ ఎత్తేలోపు ఆ రెండు మూడు క్షణాల్లో నేను చేసిన సైట్లన్నీ ఒకదాని వెనక ఒకటి గుర్తుకొస్తాయి. ఏది పడిపోయింది? ఎవరికి ఏమైంది?

వెబ్‌సైట్‌లో జనం కంటికి కనపడే భాగాన్ని, వేలితో తాకే భాగాన్ని తయారు చేయడం నా వృత్తి. ఫ్రంటెండ్ అంటారు. విజయవాడలో మొదలుపెట్టాను, విజయవాడలోనే ముగించాను. నేను వచ్చేసే రోజున మా ఆఫీసులో పనిచేసే హారిక, "జరీనా మేడమ్, మీకు తెలిసినవన్నీ ఎక్కడైనా రాసిపెట్టండి. మాకు పనికొస్తాయి" అంది. కూర్చుని రాయబోతే అర్థమైంది, నాకు తెలిసిన వాటిలో సగం ఇప్పుడెవరూ వాడటం లేదు. మిగతా సగం ఇంకో రెండేళ్లలో పోతుంది. చేసిన తప్పులు మాత్రం పాతబడలేదు. అవే రాస్తున్నాను. వాటిలో ఒకటి పెద్దది. దాని గురించి ఆఫీసులో ఎవరికీ మొత్తం చెప్పలేదు.

వాళ్ల బల్ల మీద చూసి రా

మా నాన్న వన్‌టౌన్‌లో షాపులకి బోర్డులు రాసేవారు. చిన్నప్పుడు నాన్న నన్ను రోడ్డుకి అవతల నిలబెట్టి, బోర్డు మీది అక్షరాలు చదవమనేవారు. నేను తడబడితే మళ్లీ రంగు కలిపేవారు. డిగ్రీ అయ్యాక గవర్నర్‌పేటలో ఒక డీటీపీ సెంటర్‌లో చేరాను. శుభలేఖలు, కరపత్రాలు, కాలేజీ ప్రశ్నపత్రాలు చేసేవాళ్లం. దాని యజమాని శేషగిరి గారు. ఊళ్లో ఇంటర్నెట్ సెంటర్లు ఒక్కొక్కటే తెరుస్తున్న రోజుల్లో, ఒక లావుపాటి పుస్తకం తెచ్చి నా బల్ల మీద పెట్టి, "మనమూ సైట్లు చేద్దామమ్మా. నువ్వు నేర్చుకో, నేను బేరాలు తెస్తాను" అన్నారు.

అప్పట్లో పేజీ అంటే గళ్లు గీసి, ఆ గళ్లలో బొమ్మలూ మాటలూ సర్దడమే. ఇంగ్లీషు ఎలా అయినా కనపడేది. తెలుగుకే చిక్కు. మన కంప్యూటర్లో ఉన్న ఫాంటు చూసేవాళ్ల కంప్యూటర్లో కూడా ఉంటేనే అక్షరాలు వచ్చేవి. గన్నవరం వైపు ఒక కాలేజీకి మొదటిసారి తెలుగులో సైట్ చేశాను. మా ఆఫీసులో ముత్యాల్లా ఉంది. శేషగిరి గారు చూసి, "మన ఆఫీసులో ఎలా ఉందో నాకెందుకమ్మా? వాళ్ల బల్ల మీద చూసి రా" అన్నారు.

బస్సెక్కి వెళ్లాను. ప్రిన్సిపాల్ గారు కళ్లజోడు పెట్టుకుని స్క్రీన్ దగ్గరికి వంగి చాలాసేపు చూసి, మర్యాదగా అడిగారు. "ఇది ఏ భాషమ్మా?"

అన్నీ పిచ్చి గుర్తులు. బొట్లు, కొక్కేలు, డాలర్ గుర్తులు. ఫ్లాపీలో తీసుకెళ్లిన ఫాంటు ఆయన కంప్యూటర్లో వేసేసరికి తెలుగు వచ్చింది. ఆయన సంతోషించారు. నేనూ గెలిచినట్టే తిరిగొచ్చి, "అయిపోయిందండీ" అన్నాను. శేషగిరి గారు తలెత్తలేదు. "ఆయన దాంట్లో వేశావు, బాగుంది. పిల్లల్ని అక్కడ చేర్పించాలనుకునే తల్లిదండ్రుల కంప్యూటర్లలో ఎవరు వేస్తారు? నువ్వు ఊరూరా ఫ్లాపీ పట్టుకుని తిరుగుతావా?"

ఆ రోజు మళ్లీ కూర్చుని తెలుగు భాగాలన్నీ బొమ్మలుగా మార్చాను. ఆయన మెచ్చుకోవడం నేనెప్పుడూ వినలేదు. మనిషి కటువు. కానీ నా వృత్తిలో నేను సంపాదించిన భయం ఆయన పెట్టినదే. ఆ భయం లేనివాళ్లు ఈ పనిలో ప్రమాదం అని నా అభిప్రాయం.

తెల్లటి స్క్రీన్

తరువాత తెలుగు అన్ని యంత్రాల్లోకీ దానంతట అదే వచ్చేసింది. గళ్ల పద్ధతి పోయింది. నేను బెంజి సర్కిల్ దగ్గర ఒక కంపెనీలో చేరాను. దాన్ని పెట్టిన వినీత్ నాకన్నా పదిహేనేళ్లు చిన్నవాడు. తెలివైనవాడు, మంచివాడు, కొత్తది ఏది వచ్చినా ఆగలేడు. ఇదివరకు సర్వర్ పేజీని వండి వడ్డించేది. కొత్త పద్ధతిలో సరుకులన్నీ ఫోన్‌కి పంపి, నువ్వే వండుకోమంటున్నాం. పంపే కోడ్ ఏటేటా బరువెక్కింది. మా ఆఫీసు ఫోన్లు మంచివి, నెట్ మంచిది, కాబట్టి మాకు ఆ బరువు తెలిసేది కాదు.

కైకలూరు వైపు చెరువుల రైతులకి చేపల ధరలు చూపించే పేజీ ఒకటి ఆ పద్ధతిలోనే చేశాం. రంగులు కదిలేవి, అంకెలు పైకీ కిందికీ దొర్లేవి. మూడు వారాలైనా ఒక్క ఫిర్యాదు రాలేదు. వినీత్ స్వీట్లు తెప్పించాడు. నాకు మాత్రం శేషగిరి గారి మాట గుర్తొచ్చి నిలవలేకపోయాను. సెలవు పెట్టి బస్సెక్కాను.

చెరువు గట్టు మీద సత్యనారాయణ గారనే రైతుని కలిశాను. ఆయన జేబులోంచి ఫోన్ తీసి పేజీ తెరిచారు. తెల్లటి స్క్రీన్. ఇద్దరం చూస్తూ నిలబడ్డాం. ఆయన ఫోన్‌ని నీడలోకి తిప్పారు. చొక్కాకి తుడిచారు. ఇంకా తెల్లగానే ఉంది. చివరికి ఆయన సిగ్గుపడ్డట్టు నవ్వి, ఫోన్ జేబులో పెట్టేసుకున్నారు.

"మా ఫోన్ మంచిది కాదండీ. మావాళ్లు మార్చెయ్యమని చెప్తానే ఉన్నారు."

"ఫోన్ తప్పు కాదండీ. మాదే తప్పు."

"అబ్బే, మీరెంత కష్టపడి చేసుంటారు! మాకే వాడటం రాదు."

ఎంత చెప్పినా ఆయన నమ్మలేదు. ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. చాలామంది మన తప్పుని తమ తప్పు అనుకుని నోరు మూసుకుంటారు. ఫిర్యాదులు లేవంటే పని బాగుందని అర్థం కాదు. వాళ్లు సిగ్గుపడి వెళ్లిపోయి ఉండొచ్చు.

తిరిగొచ్చి వినీత్‌తో పోట్లాడాను. "అంత పాత ఫోన్లు ఇంకెన్నాళ్లుంటాయి మేడమ్?" అన్నాడు. "ఎన్నాళ్లున్నా, ఆయన చేపలు పట్టేది ఈ వారం" అన్నాను. చివరికి ఒప్పుకున్నాడు. కదిలేవీ దొర్లేవీ అన్నీ పీకేసి, మామూలు పేజీ చేశాను. ఎంత పాత ఫోన్‌లోనైనా తెరుచుకునేది.

అక్కడినుంచి నాకొక అలవాటు పట్టుకుంది. ఏ పేజీ చూసినా ఇందులో ఏం తీసేయొచ్చు అని వెతికేదాన్ని. ఆఫీసులో నాకు కత్తెర మేడమ్ అని పేరు పెట్టారు. ఆ పేరు నాకు నచ్చేది. అంత నచ్చకుండా ఉండాల్సింది.

నాంచారమ్మ గారి సొంత చోటు

చేపల ధరల పేజీ వల్ల మా పేరు ఆ వైపు కాస్త తెలిసింది. ఒకరోజు నాంచారమ్మ గారు ఆఫీసుకి వచ్చారు. బందరు వైపు సముద్రం ఒడ్డు ఊరామె. కంకిపాడులో ఉంటూ చేపలమ్ముతారు. చుట్టుపక్కల ఊళ్లలో చేపలమ్మే ఆడవాళ్లంతా కలిసి పెట్టుకున్న సంఘానికి ఆమె పెద్ద. వాళ్లకి ఒక పెద్ద కంపెనీ నడిపే సోషల్ సైట్‌లో పేజీ ఉండేది. పొద్దున్నే ఎవరి దగ్గర ఏ చేప ఉందో ఫోటో పెట్టేవాళ్లు. రోజూ కొనేవాళ్లు చూసి వచ్చేవాళ్లు. ఒక ఉదయం ఆ పేజీ మూతపడింది.

"ఎందుకు మూశారో చెప్పలేదండీ. నియమాలు తప్పారంట. ఏ నియమమో చెప్పరు. ఎవర్నడగాలో తెలీదు. మా ఫోటోలు, మా దగ్గర కొనేవాళ్లు, అన్నీ అందులోనే పోయినయ్యి" అన్నారామె. "మాకంటూ ఒకటి ఉండదాండీ, ఎవరూ మూయలేనిది?"

ఉంటుంది. అప్పటికి రెండు మూడేళ్లుగా నేను వాటి గురించి చదువుతున్నాను. ఒకే కంపెనీ చేతిలో లేని సోషల్ వెబ్. ఎవరి సర్వర్ వాళ్లు పెట్టుకోవచ్చు. అందరూ ఒప్పుకున్న ఒకే పద్ధతిలో ఆ సర్వర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. ఆమెకి ఇలా చెప్పాను. "మీ సిమ్ము ఒక కంపెనీది, మీ అక్కది ఇంకో కంపెనీది. అయినా మాట్లాడుకుంటున్నారు కదా? ఇదీ అంతేనండి. మీ చోటు మీది, కానీ బయటివాళ్లతో మాట్లాడొచ్చు."

"అదే కావాలండీ" అన్నారు నాంచారమ్మ గారు.

సర్వర్ సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరికేదే పెట్టాం. దాని ముఖం నేను చేశాను. పాత ఫోన్లలోనూ తెరుచుకునేలా, నాలుగే నాలుగు పనులు ఉంచాను. ఫోటో తీయడం, మాట్లాడి రికార్డు చేయడం, రాయడం, పంపడం. ఫోన్ నంబరు, ఊరు పెద్ద అక్షరాలతో పైన కనపడేలా పెట్టాను.

అసలు సాఫ్ట్‌వేర్‌లో పంపే బటన్ పక్కన ఇంకో చిన్న బటన్ ఉండేది. భూగోళం బొమ్మ. దాన్ని నొక్కితే, ఇది అందరూ చూడాలా, మనల్ని ఫాలో అయ్యేవాళ్లే చూడాలా అని ఎంచుకోవచ్చు. మొదటిసారి చూపించినప్పుడు నాంచారమ్మ గారు అడిగారు. "ఈ గుండ్రటి బొమ్మేంటండీ?" చెప్పాను. మర్నాడు మళ్లీ అడిగారు. మళ్లీ చెప్పాను. మూడోసారి ఆమె విసుక్కుని, "చేపలమ్ముకునేవాళ్లకి ఇన్నెందుకండీ" అన్నారు.

నిజమే కదా అనిపించింది. తీసేశాను. ఏది పంపినా 'అందరికీ' వెళ్లేలా పెట్టాను. కొనేవాళ్లు చూడాలి కాబట్టి అదే సబబు అనుకున్నాను. అప్పటికి మా సర్వర్‌ని బయట దేనితోనూ కలపలేదు. కాబట్టి అందరికీ అంటే ఆ సర్వర్‌లో ఉన్నవాళ్లకే. సంఘం ఆడవాళ్లకి వాడటం నేర్పిన రోజున ఒకామె లేచి, ఇందులో పెట్టినవి ఎవరు చూస్తారని అడిగింది. "మన సంఘం వాళ్లు, మన దగ్గర కొనేవాళ్లు. అంతే" అన్నాను.

ఆ రోజుకి అది అబద్ధం కాదు.

రెండు నెలల తరువాత హారిక, "మేడమ్, ఇక బయట సర్వర్లతో కలుపుదామా? తెలుగువాళ్ల వంటల సర్వర్ ఒకటి బాగా నడుస్తోంది. వీళ్లకి బేరాలు పెరుగుతాయి" అంది. కలపమన్నాను. కలిపే రోజు వస్తుందనే కదా ఇంత చేసింది. కానీ అంతకుముందు అంతమంది ఆడవాళ్ల ముందు నేనన్న మాట ఒకటుందని, అది ఆ క్షణం నుంచి అబద్ధమవుతుందని నాకు తట్టలేదు. బటన్ నేనే తీసేశాను కాబట్టి, స్క్రీన్ మీద దాన్ని గుర్తుచేసేదీ ఏమీ లేదు.

మంగళవారం

ఆ మంగళవారం ఉదయం నాంచారమ్మ గారు ఫోన్ చేశారు. నమస్కారం కూడా లేదు.

"జరీనా గారూ, దుర్గ ఫోటో తీసెయ్యండి. ఇప్పుడే తియ్యండి."

దుర్గ హనుమాన్ జంక్షన్‌లో రోడ్డు పక్కన చేపలమ్మే అమ్మాయి. ముప్పై ఏళ్లుంటాయేమో. సంఘంలో అందరికన్నా తక్కువ మాట్లాడేది. నాలుగు రోజుల కిందట తన కొట్టు ముందు నిలబడి కొర్రమీను పట్టుకుని తీయించుకున్న ఫోటో పెట్టింది. వంటల సర్వర్‌లో ఎవరో అది చూసి, హనుమాన్ జంక్షన్ మీదుగా వెళ్లేవాళ్లు ఈమె దగ్గరే కొనండి, శుభ్రంగా కోసిస్తుంది అని రాసి పంచారు. దాన్ని ఇంకొకరు పంచారు. అందరూ మంచి మనసుతోనే చేశారు. అలా అలా ఫోన్ గ్రూపుల్లోకి పాకి, బందరు వైపు దుర్గ అత్తగారి ఊరికి చేరింది.

దుర్గ భర్త దగ్గర్నుంచి పారిపోయి వచ్చిందని నాకు ఆ ఫోన్‌లోనే తెలిసింది. రెండేళ్ల కిందట చెయ్యి విరిగేలా కొట్టాడు. తనెక్కడుందో అతనికి తెలియనివ్వకుండా బతుకుతోంది.

"తీసేస్తున్నానండీ" అన్నాను. రెండుసార్లు తప్పు చోట నొక్కాను. మా పేజీలోంచి ఫోటో పోయింది. "తీసేశానండీ, పోయింది."

ఆమె కాసేపు ఎవరితోనో మాట్లాడి, మళ్లీ వచ్చారు. "పోలేదండీ. మా తోడికోడలి ఫోన్‌లో కనపడతానే ఉంది."

ఇక్కడ పద్ధతి చెప్పాలి. ఈ సోషల్ వెబ్‌లో మనం ఒక ఫోటో పెడితే, దాని నకళ్లు కలిసి ఉన్న సర్వర్లన్నిటికీ వెళ్తాయి. మనం తీసేస్తే, మీరూ తీసేయండి అని మన సర్వర్ వాటికి కబురు పంపుతుంది. కబురే, ఆజ్ఞ కాదు. వింటే వింటాయి. ఇదంతా నాకు తెలుసు. చదివాను. హారికకి నేనే చెప్పాను. కానీ చదివినప్పుడు అదొక నియమంలా ఉండింది. ఆ ఉదయం అదొక మనిషి అయింది.

హారిక, నేను కూర్చుని వెతికాం. ఏడు సర్వర్లలో నకళ్లున్నాయి. ఆరింట్లో పోయాయి. ఏడోది వినలేదు. దాన్ని నడిపేది ఎవరో ఒక్క మనిషి. పేరు లేదు, ఈమెయిల్ మాత్రం ఉంది. రాశాను. జవాబు కోసం చూస్తూ ఆ రోజంతా అన్నం ముట్టలేదు. సాయంత్రానికి ఒకే వాక్యం వచ్చింది. కారణం చెప్పకుండా ఎవరి పోస్టులూ తీయను, కారణమేంటి అని.

కారణం నా దగ్గరుంది. కానీ అది నాది కాదు.

కంకిపాడులో

బుధవారం ఉదయమే కంకిపాడు వెళ్లాను. దుర్గ అప్పటికే కొట్టు మూసేసి నాంచారమ్మ గారింటికి వచ్చేసింది. వెనక వసారాలో కూర్చుని ఉంది. ఎడమ చెయ్యి మోచేతి దగ్గర పూర్తిగా చాపలేదని అప్పుడు గమనించాను. అంతకుముందు నాలుగైదుసార్లు చూశాను ఆ అమ్మాయిని. ఫోన్ ఎలా పట్టుకుంటుందో చూశాను గానీ, చెయ్యి చూడలేదు.

నేనేమీ అనకముందే తనే అంది.

"మనోళ్లే చూస్తారని మీరే కదండీ చెప్పింది?"

"అవునమ్మా."

"ఫోటో పెట్టేముందు నాంచారమ్మక్కని రెండుసార్లు అడిగానండీ. జరీనా గారు చెప్పారు, ఏం పర్లేదు అంది. ముందెప్పుడూ మొహం కనపడేలా పెట్టలేదు నేను. ఆ రోజు చేప బాగుంది. సరదా పుట్టింది."

నాంచారమ్మ గారు గుమ్మంలో నిలబడి చీర కొంగుతో మొహం తుడుచుకుంటున్నారు.

ఏడో సర్వర్ సంగతి చెప్పి, అతను కారణం అడుగుతున్నాడన్నాను. దుర్గ నేలకేసి చూస్తూనే అంది.

"నా ఫోటో తియ్యడానికి నా సంసారం మొత్తం ఆయనకి చెప్పాలాండీ? ఎవరో ఏంటో? ఆయనకీ బందరులో చుట్టాలుంటే?"

"చెప్పనమ్మా."

"చెప్పకండి."

అక్కడి నుంచి బయటికొచ్చి, రోడ్డు పక్కన ఒక మందుల షాపు అరుగు మీద కూర్చున్నాను. మళ్లీ ఈమెయిల్ రాశాను. మీతో ఒక్కసారి ఫోన్‌లో మాట్లాడనివ్వండి అని నా నంబరు ఇచ్చాను. గంట తరువాత మోగింది. అవతల పెద్దాయన గొంతు. రాజమండ్రిలో లెక్కల మేష్టారుగా చేసి మానేశానన్నారు. సరదాకి సర్వర్ నడుపుతున్నారట.

"చూడండమ్మా, ఇదివరకు తీసేయమంటే వెంటనే తీసేసేవాణ్ణి. ఒక వ్యాపారి తను చేసిన మోసం గురించి జనం రాసినవన్నీ అలాగే తీయించుకున్నాడు. అప్పటినుంచి ఆ కబుర్లు వినడం ఆపేశాను. ఆ ఫోటోలో ఉన్నావిడే అడగమనండి, తీస్తాను."

"ఆవిడ అడగరండీ."

"మరి మీరెవరు?"

అప్పుడు నా నోటికి వచ్చింది చెప్పాను. "ఆ పేజీ చేసిందాన్నండీ. ఎవరెవరు చూడాలో ఎంచుకునే బటన్ ఒకటుంటే, అక్కర్లేదని నేనే తీసేశాను. బయటికి వెళ్లదని ఆవిడకి నేనే చెప్పాను. వెళ్లింది. అది మీ సర్వర్‌లో ఉండాలని ఆవిడ ఎప్పుడూ అనుకోలేదు. ఆవిడ సంగతి నేను చెప్పలేను. నా తప్పు మాత్రం చెప్పగలను. దానికోసం తీయండి."

ఆయన పెట్టేస్తారేమో అనుకున్నాను. తరువాత కీబోర్డు చప్పుడు వినపడింది.

"పోయిందేమో చూసుకోండి" అన్నారు.

పోయింది. కృతజ్ఞతలు చెప్తుంటే, "ముందు మంచినీళ్లు తాగండి" అన్నారాయన. ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు.

ఆ బెంచీ మీద

గురువారం మధ్యాహ్నం హనుమాన్ జంక్షన్‌లో దుర్గ సామాను తేవడానికి నాంచారమ్మ గారితో నేనూ వెళ్లాను. ఐస్ పెట్టె, కత్తిపీట, కాటా, అన్నీ పక్కనే ఉన్న పంక్చర్ షాపులో పెట్టి ఉన్నాయి. ఆమె ఆటో మాట్లాడటానికి రోడ్డు దాటి వెళ్లారు. నేను పంక్చర్ షాపు ముందు నిలబడ్డాను.

అక్కడ బెంచీ మీద ఒకతను కూర్చుని ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, నున్నగా దువ్విన తల. నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

"అమ్మా, ఈవిడ ఇక్కడే అమ్ముద్దంట కదండీ. మీకేమన్నా తెలుసాండీ?"

ఫోన్ నా మొహం ముందు పెట్టాడు. అందులో ఉన్నది మా పేజీకి ఎవరో తీసిన స్క్రీన్‌షాట్. నేను ఎంచిన రంగు. నేను సరిచేసిన అక్షరాలు. దుర్గ నవ్వుతూ కొర్రమీను పట్టుకుని ఉంది. పైన ఫోన్ నంబరు, హనుమాన్ జంక్షన్ అన్న మాట. స్క్రీన్ అడ్డంగా పగిలి ఉన్నా, ఎండ పడుతున్నా, ప్రతి అక్షరం తేటగా కనపడుతోంది. అలా కనపడాలనే రెండు రోజులు కూర్చుని వాటి కొలతలు సరిచేశాను.

"తెలియదండీ" అన్నాను.

"మా ఆవిడండీ. చిన్న మాటకి అలిగి వచ్చేసింది. పర్లేదులెండి, వచ్చేదాకా కూర్చుంటాను" అని మళ్లీ బెంచీ మీద కూర్చున్నాడు. ఎంత మర్యాదగా అన్నాడో.

నాంచారమ్మ గారిదీ బందరు వైపే కాబట్టి, అతన్ని రోడ్డు అవతలి నుంచే గుర్తుపట్టారు. ఆటోని ముందుకి పోనిచ్చి, నాకు ఫోన్ చేసి, "సామాను వదిలేసి నడిచి వచ్చెయ్యండి, వెనక్కి చూడకండి" అన్నారు. నడిచాను. వెనక్కి చూడకుండా అంత దూరం నడవడం ఎంత కష్టమో అప్పుడే తెలిసింది.

అతను మూడు రోజులు వచ్చి కూర్చున్నాడని పంక్చర్ షాపతను తరువాత చెప్పాడు. ఆ మూడు రోజుల్లో సంఘం ఆడవాళ్లంతా దుర్గని వెంటబెట్టుకుని పోలీసు స్టేషన్‌కి వెళ్లి కాగితం రాసిచ్చారు. పోలీసులు అతన్ని పిలిచి మాట్లాడారు. తరువాత అటు రాలేదు. ఎందుకు ఆగాడో, ఆగాడో లేదో కూడా, నాకు తెలియదు. దుర్గ నంబరు మార్చేసింది. గన్నవరంలో ఒక సందులో, రోడ్డు మీదికి కనపడని చోట మళ్లీ మొదటినుంచీ మొదలుపెట్టింది. హనుమాన్ జంక్షన్‌లో తన దగ్గరే కొనేవాళ్లు ఇప్పుడు ఆమె ఏమైందో తెలియక ఇంకొకరి దగ్గర కొంటున్నారు.

తరువాత మార్చినది

ఆ వారమే బటన్ తిరిగి పెట్టాను. ఈసారి బొమ్మ పెట్టలేదు. మాటలే పెట్టాను. పంపే ముందు ప్రతిసారీ పేజీ అడుగుతుంది, ఇది ఎవరు చూడాలి అని. కింద మూడు జవాబులు. మన సంఘం. మనకి తెలిసిన కొనేవాళ్లు. ఊరూ పేరూ తెలియనివాళ్లు కూడా. ముందుగా దేన్నీ ఎంచి పెట్టలేదు.

వినీత్ ఒప్పుకోలేదు. "ప్రతిసారీ అడిగితే విసుక్కుంటారు మేడమ్. మీరే కదా అన్నీ తీసేయమనేవారు?"

"విసుక్కోనివ్వు" అన్నాను. అంతకన్నా వివరం చెప్పలేదు. చెబితే దుర్గ సంగతి చెప్పాల్సొస్తుంది. ఇప్పుడు ఊరూ పేరూ మార్చి రాస్తున్నాను, అదీ తనని అడిగి.

నాంచారమ్మ గారితో సహా ఆడవాళ్లందరినీ మళ్లీ కూర్చోబెట్టి, నేను చెప్పింది తప్పని చెప్పాను. ఒకామె మూడో మాట దగ్గర వేలు ఆపి, "అంటే ఎవరైనానా?" అంది. "ఎవరైనా" అన్నాను. ఆమె వేలు తీసేసింది. ఆ ఆగడం కోసం నేను చేయాల్సిన పని ఒక్క రోజుది. ముందే చేసి ఉండాల్సింది.

ఇంత జరిగినా ఆ ఓపెన్ పద్ధతి తప్పని నేననను. పెద్ద కంపెనీ వాళ్ల పేజీ మూసినప్పుడు నాంచారమ్మ గారికి జవాబు చెప్పే మనిషి ఒక్కడూ దొరకలేదు. ఇక్కడ రాజమండ్రి మేష్టారు ఫోన్ ఎత్తారు. కానీ ఎత్తకపోయి ఉంటే ఎవరికీ చెప్పుకోలేం. ఈ రెండూ నిజమే. ఈ పనిలోకి వచ్చేవాళ్లు రెంటినీ మోయాలి. ఇక బటన్ల గురించి నేనొకటే చెప్తాను. ఒకటి తీసేసేటప్పుడు, అది ఎవరిని కాపాడుతోందో పేరు పెట్టి చెప్పగలిగితేనే తీయండి. నేను బరువు చూశాను. మనిషిని చూడలేదు.

పని మానేశాక కూడా ప్రతి శుక్రవారం మధ్యాహ్నం నమాజు అయ్యాక కంప్యూటర్ ముందు కూర్చుంటాను. దుర్గ పాత నంబరుతో, ఆ ఫోటోతో, నాకు తెలిసిన సర్వర్లన్నీ వెతుకుతాను. ఏమీ దొరకదు. దొరకలేదంటే లేదని కాదు, నేను చూడని చోట ఉండొచ్చు.

గత ఏడాది వానల్లో గన్నవరం వెళ్లినప్పుడు దుర్గ కొట్టు దగ్గర ఆగాను. ఆమె నాకు బొచ్చె చేప కోస్తుంటే, వెతుకుతున్న సంగతి చెప్పేశాను. ఎందుకు చెప్పానో తెలియదు. ఆమె కత్తిపీట మీద చెయ్యి ఆపింది.

"ఇంకా వెతుకుతున్నారాండీ?"

"ఆ."

"ఎన్నాళ్లండీ?"

ఆమె ముక్కలు కడిగి, సంచిలో వేసి, నా చేతికిచ్చింది.

"దొరికితే చెప్పండి" అంది. మళ్లీ తనే, "దొరక్కపోయినా చెప్పండి. ఆ రోజు నిద్ర పడుతుంది" అంది.

అప్పటినుంచి శుక్రవారం వెతకడం అవగానే నేనే ఫోన్ చేస్తాను. ఒక్కసారి మోగగానే ఎత్తుతుంది.

"లేదమ్మా" అంటాను.

"సరేనండీ" అంటుంది.